రెక్క ఎలా ఆడుతుంది?

మన ఈ-పత్రికలో కవితలు, కథలు బాగానే వస్తున్నాయి. ఈసారి నేనొక పాఠం రాస్తున్నాను. కంగారు పడకండి, ఇది ఇంటర్నల్స్‌లో రాదు. కాకపోతే చదువుతూ మధ్యలో ఒకట్రెండు సార్లు చెయ్యి ఎత్తాల్సి ఉంటుంది. పక్కన రూమ్మేట్ ఉంటే ఇంకా మంచిది.

"రెక్కాడితే గాని డొక్కాడదు" అన్న సామెత అందరికీ తెలిసిందే. మా సీమలో రెక్క అంటే చెయ్యే. మా నాయన ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. పోయిన సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన చొక్కా వేసుకోవడం చూశాను. కుడి చెయ్యి తనంతట తాను లేవడం లేదు. ఎడం చేత్తో దాన్ని పట్టుకుని, ఏదో బరువైన వస్తువుని ఎత్తినట్టు ఎత్తి, చొక్కా చేతిలోకి దూరుస్తున్నాడు.

"ఏమైంది నాయనా?" అన్నాను.

"ఏం లేదురా. వయసైపోతాంది గదా, ఎముక అరిగింటాది" అన్నాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి అసలు సంగతి చెప్పింది. రెండు నెలలుగా రాత్రిళ్లు కుడి వైపు తిరిగి పడుకోవడం లేదంట. నేత సగానికి తగ్గిందంట. నా చదువు డిస్టర్బ్ అవుతుందని చెప్పొద్దన్నాడంట.

నేను మెకానికల్ మూడో సంవత్సరం. బేరింగులు, కప్లింగులు, యూనివర్సల్ జాయింటు అన్నీ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ నాయన భుజంలో ఏముందో నాకు తెలియదు. ఆ సిగ్గుతోనే ఫిజియోథెరపిస్టు మేడం దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా ఉంది. "అరిగింది ఎముక కాదు, అలిసిపోయింది కండరం" అంది ఆమె. ఆ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి లైబ్రరీలో రెండు వారాలు కూర్చున్నాను. తెలిసింది ఇక్కడ పెడుతున్నాను.

బెంగళూరు వైపు నుంచి మా ఇంటికి రైల్లో వస్తే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరుసగా తగులుతాయి. పాఠాన్ని కూడా అదే వరుసలో చెప్తాను. ఒక్కో ఊళ్లో ఒక్కో ప్రశ్న.

హిందూపురం: బంతి ఎందుకు జారిపోదు?

హిందూపురం చింతపండు మార్కెట్‌కి పేరు. సీజన్లో అక్కడ హమాలీలు లారీల్లోంచి బస్తాలు దించుతుంటారు. బస్తా వీపు మీదకెక్కేముందు కొన్ని క్షణాలు బరువంతా చాచిన చేతులకి వేలాడుతుంది. ఆ చెయ్యి భుజం దగ్గర ఊడి ఎందుకు రాదు?

మామూలుగా మనం అనుకునేది, ఎముకలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయని. తుంటి కీలు నిజంగానే అలా ఉంటుంది. తొడ ఎముక చివర బంతి ఒక లోతైన గిన్నెలో దిగి ఉంటుంది. భుజం అలా కాదు. చేతి ఎముక చివర బంతి పెద్దది, అది ఆనుకునే చోటు చిన్నది, లోతు లేనిది. టీ సాసర్‌ని నిలువుగా పట్టుకుని దాని మీద నిమ్మకాయ ఆనించినట్టు. ఏ క్షణంలో చూసినా ఆ బంతిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే సాసర్‌ని తాకుతూ ఉంటుంది.

ఇంకో విశేషం. ఆ సాసర్ ఉన్నది వీపు వెనకాల మనం తడిమితే తగిలే పలకలాంటి ఎముక మీద. దాన్ని డాక్టర్లు స్కాపులా అంటారు, మనం రెక్క ఎముక అందాం. ఈ రెక్క ఎముకకి పక్కటెముకలతో కీలు లేదు. మిగతా అస్థిపంజరంతో దానికున్న ఎముక సంబంధమల్లా ముందు వైపు మెడ కింద అడ్డంగా ఉండే సన్నటి కాలర్ ఎముకే. మిగతాదంతా కండరాల మీద తేలుతుంది. హిందూపురం పక్కనే లేపాక్షిలో నేలకి పూర్తిగా ఆనని స్తంభం ఉంది కదా, దాని కింద నుంచి యాత్రికులు పల్చటి గుడ్డ లాగి ఆశ్చర్యపోతుంటారు. అంత దూరం పోనక్కర్లేదు, అలాంటిది మన వీపు మీదే రెండు ఉన్నాయి.

మరి బంతిని ఏది పట్టి ఉంచుతుంది? మూడు అంచెలు ఉన్నాయి.

మొదటిది, సాసర్ అంచు చుట్టూ రబ్బరు వాషర్ లాంటి మెత్తటి రింగు. దాని పేరు లేబ్రమ్. అది లోతుని కొంచెం పెంచుతుంది. దానికి తోడు కీలు లోపల పీడనం బయటికంటే తక్కువ. తడిసిన రెండు గాజు పలకలు అతుక్కున్నట్టు బంతి సాసర్‌కి అతుక్కుంటుంది. చెయ్యి ఊరికే పక్కన వేలాడుతున్నప్పుడు కండరాలకి పెద్దగా పని ఉండకపోవడానికి ఇదొక కారణం.

రెండోది, కీలు చుట్టూ సంచి, దానిలోని లిగమెంట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. లిగమెంటు తాడు లాంటిది. తాడు బిగుసుకున్నాకే పట్టి ఆపుతుంది. చెయ్యి ఇంకా తిరగదు అన్న చివరి కోణం దగ్గర మాత్రమే అది బిగుస్తుంది. మనం రోజంతా చేసే పనుల్లో, అంటే మధ్య కోణాల్లో, ఆ తాళ్లు వదులుగానే ఉంటాయి. ఉండాలి కూడా, లేకపోతే చెయ్యి ఇంత స్వేచ్ఛగా తిరగదు.

మూడోది, అసలైనది, కండరాలు. కదలిక మధ్యలో బంతిని సాసర్‌కి అదిమి పట్టేవి అవే. రెక్క ఎముక మీద నుంచి బయలుదేరి బంతిని నాలుగు వైపుల నుంచి కప్పే నాలుగు చిన్న కండరాలున్నాయి. పైన సుప్రాస్పైనేటస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద టీరీస్ మైనర్, ముందు సబ్‌స్కాపులారిస్. నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. పేర్లు గుర్తుండకపోయినా పర్లేదు. నాలుగు వేళ్లతో నిమ్మకాయని సాసర్‌కి నొక్కి పట్టుకున్నట్టు ఊహించుకోండి, చాలు.

హమాలీ చేతికి బస్తా వేలాడిన క్షణంలో పైన ఉన్న సుప్రాస్పైనేటస్ బిగుస్తుంది, సంచి పై భాగం దానికి తోడవుతుంది. బంతి కిందికి జారదు.

పెనుకొండ: చెయ్యి ఎత్తితే బంతి పైకి ఎందుకు పోదు?

పెనుకొండలో మా మేనత్త వాళ్లున్నారు. కోట కొండ నీడలో సాయంత్రాలు వాలీబాల్ ఆడతారు. మా బావ అక్కడ స్మాషర్. ఇప్పుడు మీరు కూడా కుడి చెయ్యి పక్కకి చాపి భుజం ఎత్తు వరకూ లేపండి. అలాగే పట్టుకోండి, ఒక చిన్న లెక్క చేద్దాం.

ఒక చెయ్యి బరువు శరీర బరువులో సుమారు ఐదు శాతం. 60 కిలోల మనిషికి 3 కిలోలు. చాచిన చేతి గరిమనాభి భుజం నుంచి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాన్ని ఎత్తే పెద్ద కండరం డెల్టాయిడ్, భుజం మీద గుండ్రంగా కనబడేది. దాని లాగుడు గీతకీ కీలు కేంద్రానికీ మధ్య దూరం సుమారు 3 సెంటీమీటర్లే. మూడు కిలోలు ఇంటూ ముప్ఫై, భాగించు మూడు. ముప్ఫై కిలోల బలం! అంటే ఊరికే చెయ్యి చాపి నిలబెట్టడానికే శరీర బరువులో సగంతో కండరం లాగుతోంది. చేతిలో ఫోన్ కూడా లేదు. ఇక చెయ్యి దించండి.

ఆ ముప్ఫై కిలోలు ఏ దిక్కుకి లాగుతున్నాయన్నది అసలు ప్రశ్న. చెయ్యి కింద నుంచి లేవడం మొదలుపెట్టినప్పుడు డెల్టాయిడ్ లాగుడు దాదాపు నిట్టనిలువుగా పైకి ఉంటుంది. అది ఒక్కటే పనిచేస్తే చెయ్యి తిరగదు, బంతి సాసర్ మీద నుంచి పైకి జారిపోతుంది. పైన ఎముక కప్పు ఉంది. బంతికీ ఆ కప్పుకీ మధ్య సందు సుమారు ఒక సెంటీమీటరే. ఆ సందులోంచే సుప్రాస్పైనేటస్ స్నాయువు వెళ్తుంది.

ఇక్కడ కఫ్ రంగంలోకి దిగుతుంది. ముందూ వెనకా ఉన్న కఫ్ కండరాలు బంతిని లోపలికి, కొంచెం కిందికి లాగుతాయి. డెల్టాయిడ్ పైకి, కఫ్ లోపలికీ కిందికీ. రెండూ కలిస్తే బంతి ఉన్నచోటే ఉండి చెయ్యి మాత్రం తిరుగుతుంది. మొదటి సంవత్సరం మెకానిక్స్‌లో చదివిన ఫోర్స్ కపులే ఇది. స్టీరింగుని ఒక చెయ్యి పైకి, ఇంకో చెయ్యి కిందికి తిప్పినట్టు. ముందు సబ్‌స్కాపులారిస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరీస్ మైనర్ మధ్య కూడా ఇలాంటి జత ఇంకోటుంది. దానివల్ల బంతి ముందుకీ వెనక్కీ పోదు.

ఈజీగా గుర్తుపెట్టుకోవడానికి ఒక నియమం. అన్ని కండరాల లాగుడూ కలిపిన ఫలిత బలం సాసర్ వైశాల్యం లోపల పడినంతసేపు కీలు స్థిరం. అంచు దాటిందా, బంతి జారుతుంది.

ఇక రెక్క ఎముక చేసే పని చూడండి. రూమ్మేట్‌ని వెనక్కి తిరిగి నిలబడమని, అతని రెక్క ఎముక కింది మూల మీద వేలు పెట్టండి. చెయ్యి పక్క నుంచి పూర్తిగా పైకెత్తమనండి. ఆ మూల చంక వైపు జారి బయటికి తిరుగుతుంది. చెయ్యి 180 డిగ్రీలు లేస్తే అందులో సుమారు 120 డిగ్రీలు బంతి తిరగడం వల్ల, 60 డిగ్రీలు రెక్క ఎముక తిరగడం వల్ల. రెండుకి ఒకటి. ఈ లయని 1944లోనే ఇన్‌మన్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు కొలిచి చూపించారు. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడే ఉంటారు. కర్ర ఎటు ఒరిగితే అరచెయ్యి అటు కిందికి జరగాలి. సాసర్ కూడా అంతే, బంతి ఎటు పోతే దాని వెనకాలకి అది వచ్చి నిలుస్తుంది. ఆ పని చేసేవి పక్కటెముకల మీద రంపపు పళ్లలా అతుక్కున్న సెరేటస్ యాంటీరియర్, మెడ నుంచి వీపు దాకా పరుచుకున్న ట్రపీజియస్.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందో చూడండి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాళ్ల భుజం సెకనుకి 7000 డిగ్రీల వేగాన్ని అందుకుంటుందని కొలిచారు. లెక్క కడితే నిమిషానికి 1100కి పైగా చుట్ల రేటు. మన హాస్టల్ సీలింగ్ ఫ్యాన్ కంటే మూడింతలు! విసరడం ఒక ఎత్తు, విసిరాక ఆ చేతిని ఆపడం ఒక ఎత్తు. ఆపే బ్రేకులు వెనక వైపు కఫ్ కండరాలే. అందుకే శరీరం ముందు చూపుతో పనిచేస్తుంది. పెద్ద కండరం లాగడానికి క్షణంలో చిన్న భాగం ముందే కఫ్ బిగుసుకుంటుంది. కీలు సంచిలో, కండరాల్లో ఉన్న సెన్సర్లు కోణాన్ని ఎప్పటికప్పుడు పైకి పంపుతుంటాయి. ఈసీఈ వాళ్లు దీన్ని ఫీడ్‌ఫార్వర్డ్, ఫీడ్‌బ్యాక్ రెండూ ఉన్న కంట్రోల్ సిస్టమ్ అనుకోవచ్చు.

మా బావకి ఒక సాయంత్రం ఈ సిస్టమ్ ఫెయిలయింది. స్మాష్ కోసం చెయ్యి పైకెత్తి వెనక్కి వంచినప్పుడు ఎదురుగా ఎగిరినవాడి చెయ్యి తగిలింది. భుజం ముందుకి ఊడింది. ఊడే భుజాల్లో నూటికి తొంభైకి పైగా ముందు వైపుకే ఊడతాయి, ఎందుకంటే ఆ భంగిమలో భారమంతా ముందు వైపు సంచి మీదా సబ్‌స్కాపులారిస్ మీదా పడుతుంది. గ్రౌండులో ఒకాయన "నేను లాగి కూర్చోబెడతా, పక్కకి జరగండప్పా" అని ముందుకొచ్చాడు. అత్త అడ్డుపడింది. ఆమె చేసింది కరెక్టు. నరమో రక్తనాళమో నలిగిందా, ఎముక చిట్లిందా అన్నది చూడకుండా లాగకూడదు. చేతిని ఉన్న భంగిమలోనే గుడ్డతో ఒంటికి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇరవై ఏళ్ల వయసులో ఒకసారి ఊడిన భుజం మళ్లీ ఊడే అవకాశం ఎక్కువ కాబట్టి తర్వాత నెలల తరబడి చేసే వ్యాయామమే అసలు వైద్యం.

ధర్మవరం: చిన్న పనే కదా, ఎందుకు నొస్తుంది?

నాయన బస్తాలు ఎత్తడు, స్మాషులు కొట్టడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. కుడి చేత్తో వేలాడే పిడిని లాగితే నాడె పడుగు మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెడుతుంది. ఎడం చేత్తో పన్నెని లాగి పేక పోగుని కొడతాడు. అంతే. ఒక్కో లాగుడికి బలం పెద్దగా అక్కర్లేదు.

కానీ లెక్కెయ్యండి. అంగుళానికి 60 పేక పోగులు అనుకుందాం. ఐదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు. దాదాపు 13 వేల లాగుళ్లు, ఒక్క చీరకి.

పెద్ద కండరం డెల్టాయిడ్ ఇంత పనికి అంత తొందరగా అలిసిపోదు. కఫ్ కండరాలు చిన్నవి, అవి ముందు అలిసిపోతాయి. అప్పుడు ఏమవుతుంది? పెనుకొండ దగ్గర చెప్పుకున్న జతలో ఒక చెయ్యి వదిలేసినట్టు. పైకి లాగేది లాగుతూనే ఉంది, కిందికి అదిమేది నీరసపడింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల భుజాల్ని బాగా అలిసిపోయేదాకా పనిచేయించి ఎక్స్‌రే తీస్తే బంతి మునుపటికంటే కొంచెం పైకి జరిగినట్టు కనబడింది. సెంటీమీటరు సందులో ఒకట్రెండు మిల్లీమీటర్లు కూడా తక్కువేమీ కాదు. మన నాయనల వయసులో స్నాయువు కూడా కుర్రతనంలో ఉన్నంత గట్టిగా ఉండదు. రోజూ కొంచెం కొంచెంగా నలిగితే వాచి, నొప్పి లేస్తుంది. నొప్పికి భయపడి చెయ్యి కదపడం మానేస్తే కఫ్ ఇంకా బలహీనపడుతుంది. చక్రం అలా తిరుగుతుంది.

భుజం నొప్పులన్నీ ఇదే కాదని కూడా చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకి కీలు సంచే బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా వస్తుంది. మెడ నరం నుంచి కూడా నొప్పి భుజంలోకి దిగొచ్చు. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువుతో కలిసి భుజం నొప్పి వస్తే అది గుండెది కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. కాబట్టి ముందు చూపించుకోండి, తర్వాతే ఈ కింది పనులు.

మేడం నాయనకి చెప్పినవి మూడు. ఒకటి, మోచేతిని డొక్కకి ఆనించి, మధ్యలో చుట్టిన టవల్ పెట్టుకుని, సన్నగా చీల్చిన సైకిల్ ట్యూబుని కిటికీ ఊచకి కట్టి, ముంజేతిని బయటి వైపుకి లాగడం. ఇది వెనక కఫ్‌కి. రెండు, గోడకి చేతులు ఆనించి పుషప్ తీసి, చివర్లో వీపుని ఇంకొంచెం వెనక్కి నెట్టడం. ఇది సెరేటస్‌కి. మూడు, రెండు రెక్క ఎముకల్నీ వెనక్కి దగ్గరికి లాగి ఐదు అంకెలు లెక్కపెట్టడం. ఒక్కోటీ పది పదిహేను సార్లు, రెండు విడతలు, వారానికి నాలుగు రోజులు. నొప్పి పెరిగితే ఆపాలి. గుణం కనబడటానికి వారాలు పడుతుంది, రోజులు కాదు.

జిమ్‌కి వెళ్లే ఫ్రెండ్స్‌కి కూడా ఒక మాట. మనం అద్దంలో కనబడే కండరాలకే పని చెప్తాం. ఛాతీ, డెల్టాయిడ్. అదిమి పట్టే కఫ్ అద్దంలో కనబడదు. ఇంజను మార్చి బ్రేకులు పాతవే ఉంచిన బండి నడుపుతున్నాం.

ఒక అమ్మ భుజం, ఒక కొడుకు యంత్రం

లైబ్రరీలో ఇవన్నీ చదువుతుంటే గుర్తొచ్చిన మనిషి చింతకింది మల్లేశం. తెలంగాణలో ఆలేరు దగ్గర నేత కుటుంబం. పోచంపల్లి తరహా చీరకి రంగులద్దే ముందు ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకి సుమారు 9000 సార్లు, నాలుగైదు గంటలు. ఐదు గంటలే అనుకున్నా రెండు సెకన్లకొకసారి చాచిన చెయ్యి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక, హైస్కూలు చదువు కూడా పూర్తికాని ఆ కుర్రాడు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో మనకి పాఠముంది. డాక్టరు కండరానికి బలం పెంచగలడు. కానీ భుజం మీద పడే లెక్కని, ఆ 9000నీ ఆ 13 వేలనీ, తగ్గించాల్సింది మన బ్రాంచీలవాళ్లే.

నేను యంత్రమేమీ కనిపెట్టలేదు. మగ్గం పక్కన ఒక పూట కూర్చుని చూశాను, అంతే. పిడి తాడు ఎప్పుడో పొట్టిగా కట్టినట్టుంది. దాన్ని అందుకోవడానికి నాయన మోచెయ్యి ప్రతిసారీ ఒంటికి దూరంగా, పైకి లేస్తోంది. డెల్టాయిడ్‌కి అక్కర్లేని పని, కఫ్‌కి అక్కర్లేని బరువు. తాడుని వదులు చేసి పిడిని జానెడు కిందికి దించాను. ఇప్పుడు మోచెయ్యి డొక్క పక్కనే ఉంటుంది. గంటకొకసారి లేచి పది నిమిషాలు అటూ ఇటూ నడవమన్నాను.

మొదట్లో తిట్టాడు. "ముప్ఫై ఏండ్లు ఇట్లే నేసినా. తాడు నువ్వొచ్చి దించల్నా?" అన్నాడు. వారం తర్వాత మాట్లాడకుండా నేశాడు. మూడు నెలలయింది. నొప్పి పూర్తిగా పోలేదు, వాన పట్టినప్పుడు లాగుతుందంటాడు. సైకిల్ ట్యూబు మాత్రం కిటికీకే ఉంది.

మొన్న ఇంటికి వీడియో కాల్ చేస్తే నాయన స్నానం చేసి వచ్చి చొక్కా వేసుకుంటున్నాడు. కుడి చెయ్యి తనే లేచింది, కొంచెం నిదానంగా. నేను చూస్తున్నానని గమనించి, "ఏంరా, యాడ జూస్తాండావు? తిన్నావా?" అన్నాడు.